బేతంచెర్ల బండ కేసు

నంద్యాల,
30 జూన్ 2025

అత్తా,

నువ్వు చెప్పినట్టే ఫోన్ పక్కన పెట్టి కాగితం తీసుకున్నాను. "ఫోన్లో అయితే సరే అత్తా, సరే అత్తా అని తప్పించుకుంటావు. కాగితం మీద తప్పించుకోలేవు" అని బస్సు కిటికీ పట్టుకుని మరీ చెప్పావు కదా. ఫోన్ దగ్గరికి తేగానే నీ చెవి మిషను కుయ్యిమంటుందన్న అసలు సంగతి నేనెవరికీ చెప్పనులే.

ముందుగా ఒక్క మాట స్పష్టంగా రాస్తున్నాను. దీన్ని మన వీధిలో అందరికీ చదివి వినిపించు. నేను పోలీసును కాను. నాకు ఖాకీ లేదు, లాఠీ లేదు, జీపు అంతకన్నా లేదు. పోలీసు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును. నా ఆయుధాలు ఒక రబ్బరు ముద్ర, ఒక స్టాప్లరు, మధ్యాహ్నం పూట నిద్రపోయే ఒక కంప్యూటరు. ఇక్కడ మా హాస్టల్ మణెమ్మకు ఇది ఎంత చెప్పినా ఎక్కదు. "పోలీసమ్మ వచ్చింది, జరగండి" అని అందరికంటే ముందు నాకే ఇడ్లీ పెడుతుంది. మొదట్లో సర్దిచెప్పాను. ఇడ్లీ వేడిగా ఉండటం చూసి చెప్పడం మానేశాను.

నాకిచ్చింది తపాలు పని. ఈ ఆఫీసుకు వచ్చే ప్రతి కవరూ విప్పేది నేనే అత్తా! ఉయ్యాలవాడ నుంచి ఒకాయన పక్కింటి కోడిపుంజు తనను చూసే కూస్తోందని రాశాడు. ఒకావిడ నాలుగు పేజీలు నింపి, చివర "మీరేమీ చేయనక్కర్లేదు, ఎవరితోనన్నా చెప్పుకుందామని రాశాను" అంది. దానికీ ముద్ర వేయాల్సిందే. మా సూపరింటెండెంట్ అనసూయమ్మ గారు మొదటి రోజే పాఠం చెప్పారు. కవరులోంచి అర్జీ బయటపడితే దానికి ముద్ర, నంబరు పడాలి. పడ్డాక అది మన చేతిలో ఉండదు. ఆ ఊరి స్టేషనుకు పోవాలి, వాళ్ళు విచారించి జవాబు రాయాలి. మధ్యలో వెనక్కి లాక్కోవడం ఎవరి తరమూ కాదు.

పక్కింటి సులోచనత్త ఎలా ఉంది? ఆమె చేసే ఓళిగల కోసం నా నాలుక పీకుతోందని చెప్పు.

నీ మేనకోడలు,
వందన

*

ఆళ్ళగడ్డ,
5 జూలై 2025

వందనా,

ప్రభువు కృప వల్ల నేను క్షేమం, మోకాళ్ళు తప్ప. నీ ఉత్తరం వీధిలో చదివి వినిపించమన్నావు, వినిపించాను. "నేను పోలీసును కాను" అన్న పేరా ఒక్కటి వదిలేశాను. నీ గొప్ప నువ్వు తగ్గించుకుంటే తగ్గించుకో, నేనెందుకు తగ్గించాలి? కూరగాయల ఆదెమ్మ నా సంచిలో పుచ్చు వంకాయలు వేయడం మానేసింది. అదే నీ మొదటి జీతం అనుకుంటున్నాను.

ఇక సులోచన సంగతి. ఆమె పేరు నా దగ్గర ఎత్తకు. ఓళిగలు అసలే ఎత్తకు.

మన గడపకూ వాళ్ళ గడపకూ మధ్య ఉన్న బండ పోయింది. నువ్వు చిన్నప్పుడు సుద్దముక్కతో ఎక్కాలు రాసి తడిగుడ్డతో తుడిచేసిన బేతంచెర్ల బండ. నేను ఈ ఊరికి బదిలీ మీద వచ్చిన ఏడాది సులోచన మొగుడు విశ్వేశ్వరయ్య తన అంగడికని ట్రాక్టరు బండలు తెప్పించి, మిగిలినదాన్ని రెండు గడపల మధ్య వేయించాడు. ఆ రోజు నుంచీ నేను బడి నుంచి, ఆమె అంగడి నుంచి వచ్చి సాయంత్రమైతే దాని మీదే చేరేవాళ్ళం. ఆమె పూజలూ నా ప్రార్థనలూ, ఆమె కోడలూ నా మోకాళ్ళూ, అన్నీ అక్కడే మాట్లాడుకున్నాం. మీ నాయన కొండయ్యను చూసొద్దామని దొర్నిపాడు పోయి వచ్చేసరికి బండ లేదు. నేల మీద తెల్లటి గుర్తూ, రెండు జెర్రులూ ఉన్నాయి.

సులోచనను అడిగాను. "నాకేం తెల్దు రూతూ" అని, నా మొహం చూడకుండా తలుపేసుకుంది. అప్పటి నుంచి బయటికే రాదు. నేను వాకిలి ఊడుస్తుంటే కిటికీ మూసేస్తుంది. నాకు అర్థమైపోయింది. నీకు సర్కారు ఉద్యోగం వచ్చింది, వాళ్ళ శరత్ నంద్యాలలో సెల్‌ఫోన్లు అమ్ముకుంటున్నాడు. అందుకే కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది. మనం కూచునే బండ మీద కసి తీర్చుకుంది.

నేనూ ఊరుకోలేదు. మంచి అర్జీ ఒకటి రాసి ఇదే కవరులో పెట్టాను. స్టేషన్లో ఇవ్వడానికి కాదు, తల్లీ, ఆమె మొహం ముందు ఒకసారి ఆడించి భయపెట్టడానికి. పోలీసు పద్ధతిలో ఉందో లేదో చూసి, దిద్ది, తిప్పి పంపు. కవరు మీద నీ పేరు రాయలేదు. ఎలాగూ విప్పేది నువ్వే కదా. ఆఫీసు పేరే లావుపాటి అక్షరాలతో రాశాను. పోస్టాఫీసులో ఆ పిల్ల కవరు చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది.

వేళకు తిను.

నీ అత్త,
రూతు

*

నంద్యాల,
14 జూలై 2025

అత్తా,

ఆలస్యమైంది, తిట్టకు. శిక్షణ అని నన్ను కర్నూలు పంపారు. ఈ రోజే తిరిగొచ్చాను. నీ ఉత్తరం నా బల్ల మీద గుండుసూది గుచ్చి పెట్టి ఉంది. నేను లేనప్పుడు తపాలు చూసిన బెన్నీ పెట్టాడు.

ఉత్తరమైతే ఉంది కానీ నువ్వు చెప్పిన అర్జీ లేదు. కవరులో పెట్టడం మరిచిపోయుంటావు. నెత్తిన కళ్ళజోడు పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషివి, ఇది నీకు కొత్తా? నీ బీరువా మీదో, బైబిల్లోనో ఉంటుంది, చూడు. దొరికినా పంపకు, చించెయ్యి.

అయినా సులోచనత్త బండ ఎత్తుకుపోవడమేమిటి అత్తా? దాన్ని కదిలించాలంటే నలుగురు మనుషులు కావాలి. ఆమె కుక్కరు దించడానికే విశ్వేశ్వరయ్య మామను పిలుస్తుంది. ఏదో వేరే సంగతి ఉండుంటుంది. ఒక గ్లాసు కాఫీ పట్టుకుపోయి తలుపు కొట్టు. కుదరదంటావా, చెప్పు, పోలీసులను పంపించి బండ వెతికిస్తాను!

నేను బాగా తింటున్నాను. ఇడ్లీలు ఇంకా వేడిగానే ఉన్నాయి.

నీ
వందన

*

ఆళ్ళగడ్డ,
17 జూలై 2025

వందనా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పోలీసులను పంపిస్తాననే మాట చదివి నవ్వుకున్నాను. మేనత్తను ఆటపట్టిస్తోందిలే అనుకున్నాను. ఈ పొద్దున పళ్ళు తోముకుంటుంటే పోలీసు మోటారు సైకిలు వచ్చి వాకిట్లో ఆగింది.

వచ్చింది హెడ్ కానిస్టేబుల్ ఓబయ్య. నా దగ్గరే అయిదో తరగతి చదివాడు. అప్పుడూ గొంతు పెద్దదే, ఇప్పుడూ అంతే. "టీచరమ్మా, బండ పోయిందని పైనుంచి కాగితమొచ్చింది. యాడుండె బండ? ఎవురి మీద అనుమానం?" అని బస్టాండు దాకా వినపడేలా అడిగాడు. వీధంతా బయటికొచ్చింది. ఆదెమ్మ బుట్ట దించి మరీ కూచుంది.

నీ దగ్గర దాచేదేముంది, మొదట నాకు గర్వంగానే ఉండింది. మా పిల్ల ఒక్క మాటంటే హెడ్ కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చాడు అనుకున్నాను. అంతలో ఓబయ్య ఆ కాగితం విప్పి, "సులోచన, భర్త పేరు విశ్వేశ్వరయ్య, ఈమేనా?" అని వాళ్ళ తలుపు కొట్టాడు. సులోచన బయటికొచ్చింది. చేతికి పిండి ఉంది. ఆ కాగితం వైపు చూసింది. అది నా చేతిరాత అని ఆమెకు తెలియకపోవడమేముంది, నా పాలచీటీలన్నీ ఆమె చేతిలోనే కదా పెట్టేది.

"రూతూ, నా మీద పోలీసోళ్ళను పంపిస్తివా?" అంది. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని, మధ్యాహ్నానికి సర్దుకునేది. ఆమె లోపలికి పోయి గడియ పెట్టుకుంది. ఓబయ్య "మళ్ళ వస్తాలే టీచరమ్మా" అని పోయాడు.

నేను దిద్దమంటే నువ్వు పంపేశావా? పైగా అందలేదని రాస్తావా? ఎంత తమాషా అయినా ఒక హద్దు ఉండాలి. నాకు ఆ బండ వద్దు, న్యాయమూ వద్దు. ఆ ఓబయ్యను వెంటనే వెనక్కి పిలిపించు.

రూతు

*

నంద్యాల,
20 జూలై 2025

అత్తా,

నా మీద ఒట్టు, నేను పంపలేదు. నీ ఉత్తరం చదివి నేరుగా బెన్నీ బల్ల దగ్గరికి పోయాను. సంగతి ఇదీ.

నువ్వు పేరు లేకుండా ఆఫీసుకు రాసిన కవరును, నేను లేనందువల్ల, బెన్నీ విప్పాడు. లోపల రెండు మడతలున్నాయి. ఒకటి "వందనా" అని మొదలైంది. వేరేవాళ్ళ ఉత్తరం చదవకూడదని మర్యాదగా నా బల్ల మీద పెట్టాడు. రెండోది "ఆర్యా, ఆళ్ళగడ్డ వాస్తవ్యురాలను" అని మొదలై, నీ పూర్తి సంతకంతో అయిపోయింది. అది చూసి అర్జీ కాదని ఎవరంటారు? ముద్ర కొట్టాడు, నంబరు వేశాడు, స్టేషనుకు పంపాడు. పాపం, పొగిడాడు కూడా. "అంత శుభ్రమైన అర్జీ నేను ఇంతవరకూ చూడలేదక్కా. చదవతానే అర్థమైపాయె" అన్నాడు. అదే మన కొంప ముంచింది.

ప్రతి కవరూ నేనే విప్పుతానని నీ దగ్గర డప్పు కొట్టుకున్నాను. అందులో నా తప్పూ ఉంది.

అనసూయమ్మ గారికి అంతా చెప్పేశాను. ఆమె కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, చాలాసేపు నవ్వారు. తరవాత మొహం గంభీరంగా పెట్టి, "మీ అత్త అర్జీ కాబట్టి ఆ ఫైలు నువ్వు ముట్టుకోవద్దు. వెనక్కి పిలవడం నా వల్ల కూడా కాదు. ఒకటే దారుంది. అర్జీ ఇచ్చినామె, ఎవరి మీద ఇచ్చిందో ఆమె, ఇద్దరూ కలిసి స్టేషనుకు పోయి, మాకు గొడవ లేదని చెప్పి సంతకాలు పెడితే, వాళ్ళు జవాబు రాస్తారు, మేము మూసేస్తాము" అన్నారు. ఇద్దరూ కలిసి, అత్తా. నువ్వు ఒక్కదానివే పోతే కుదరదు. సులోచనత్త తలుపు నువ్వు కొట్టాల్సిందే.

అన్నట్టు, వాళ్ళు నంద్యాలకు మారిపోతున్నారని నువ్వు రాయనే లేదే? మొన్న సంజెలో శరత్ కనిపించాడు. తన అంగడి వెనక వీధిలో కొత్తగా అద్దెకు తీసుకున్న ఇంటి ముందు టెంపోలోంచి సామాను దించుతున్నాడు. "అమ్మానాయనలు ఇంగ మా దగ్గరే ఉంటారు వందనా. నాయనకు అంగడి నడిపే ఓపిక ల్యా" అన్నాడు. వాళ్ళావిడ జాహ్నవి వదిన కూడా పలకరించింది. నీకు తెలిసే ఉంటుంది కదా.

కోపం తగ్గాక జవాబు రాయి.

నీ
వందన

*

ఆళ్ళగడ్డ,
28 జూలై 2025

వందనా,

నాకు తెలియదు.

నీ ఉత్తరంలో ఆ మాట దగ్గరికి వచ్చేసరికి బండ ఉన్న చోట నేల మీదే కూచున్నాను. పిల్లలకు చదువు చెప్పినదాన్ని, పక్కింటి మనిషి కిటికీ ఎందుకు మూసుకుంటోందో తెలుసుకోలేకపోయాను. అసూయ అనుకున్నాను. నా బుర్రకు అంతకన్నా తట్టలేదు.

లేచి, చీర కూడా మార్చుకోకుండా పోయి తలుపు కొట్టాను. చాలాసేపటికి తీసింది. ఆమె వెనక ఇల్లంతా అట్టపెట్టెలు.

"ఎప్పుడు పోతాండావు?" అన్నాను.

"శుక్రవారం."

"నాకు చెప్పాలనిపియ్యల్యా?"

"చెప్దామనే దినామూ బండ మీదికొస్తి. నువ్వు వందన ఉద్యోగం గురించి చెప్తా నవ్వుతా ఉంటివి. నీ ఎడమ చెవి పక్కనే కూచుంటి. నోరు తెరిస్తే చాలు, వినపడతాది. తెరవలేకపోతి" అంది.

"పద, స్టేషనుకు పోవాల" అన్నాను. ఎంత గొప్ప ఓదార్పో చూడు. ఆమె చెప్పులేసుకుంది. విశ్వేశ్వరయ్య గడపలో నిలబడి, "నేను కూడా వస్తునా?" అని ఒకసారి, "బెయిలుకు ఎవురన్నా కావాల్నా?" అని ఒకసారి అడిగాడు. ఇద్దరం ఒకేసారి వద్దన్నాం. ఆటోలో అటొకరు ఇటొకరు చూస్తూ పోయాం.

స్టేషన్లో ఓబయ్య మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. బడి అలవాటు ఇంకా పోలేదు. కుర్చీలు వేయించి, కాగితం ముందు పెట్టుకుని, "గొడవేమీ లేదు, బండ ఎవురు తీసినారో తెల్దు అని రాసుకుంటా. సంతకాలు పెట్టి పోండి" అన్నాడు. పని అయిపోయింది అనుకున్నాను.

"అట్ల రాయొద్దు సారూ" అంది సులోచన. "బండ నేనే తీసినా. రాసుకో."

ఓబయ్య కలం ఆగిపోయింది.

"రూతు దొర్నిపాడు పోయినప్పుడు మా శరత్ మనుషులతో ఎత్తించి టెంపోలో పంపిచ్చినా. ఆడ నంద్యాలలో ఇల్లు కొత్త, వీధి కొత్త, తెలిసిన మొగం ఒక్కటి ల్యా. పొద్దుగూకితే యాడ కూచోవాల? ఈ బండన్నా తెలిసినదుంటే బతకొచ్చు అనుకుంటి. అడిగితే రూతు ఇస్తాది. కానీ అడగాలంటే పోతాండానని చెప్పాల కదప్పా. అది నా నోట్లోంచి రాల్యా. అందుకే దొంగతనం చేసినా."

నేను ఏడ్చాను వందనా. నలుగురు కానిస్టేబుళ్ళ మధ్య, సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఓబయ్య నీళ్ళు తెప్పించాడు. తాగి, "దొంగతనం కాదు నాయనా. ఆ బండ ఆమెదే. ఆమె మొగుడు తెప్పిచ్చినాడు. అట్లే రాయి" అన్నాను.

"యాడిది? రూతుదే" అంది సులోచన. "దినామూ కడిగేది ఆమె. శుక్రవారం నేను ముగ్గేస్తానని ముందుగానే తుడిచి పెడ్తాది. ఆమెదని రాయి."

"ఆమెదని రాయప్పా!"

"రూతుదని రాయి సారూ!"

ఇద్దరికీ గొంతు లేచింది. పక్క గదిలోంచి ఎస్‌ఐ గారు తొంగి చూశారు. "నాది నాదని కొట్లాడేవాళ్ళను దినామూ చూస్తాండాం. నీది నీదని కొట్లాడేదానికి ఏం సెక్షను వేయాల టీచరమ్మా?" అని ఓబయ్య తల పట్టుకున్నాడు. చివరికి మా ఇద్దరినీ నోరు మూసుకోమని తనకు తోచినట్టు రాసి చదివాడు: "సదరు బండ ఇద్దరికీ చెరి సగం చెందినది. ప్రస్తుతం రెండవ వారి వద్ద ఉన్నది. మొదటి వారికి అభ్యంతరం లేదు." మేము సంతకాలు పెట్టాం. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో మధ్యలోనే కూచున్నాం, చెయ్యి చెయ్యి పట్టుకుని.

శుక్రవారం వాళ్ళు బయలుదేరే వేళకు నేను ఇంట్లో ఉండను. సంఘంలో స్త్రీల కూడిక ఉందని చెప్పాను. లేదు. నీకు మాత్రమే చెబుతున్నాను.

రూతు

*

నంద్యాల,
6 ఆగస్టు 2025

అత్తా,

ఆళ్ళగడ్డ నుంచి జవాబు వచ్చింది. ఫైలు ముట్టుకోవద్దన్నారు కాబట్టి కవరు బెన్నీయే విప్పి, అనసూయమ్మ గారి ముందు పెట్టాడు. "చెరి సగం" దగ్గర ఆమె మళ్ళీ కళ్ళద్దాలు తీశారు. తరవాత కింద సంతకం పెట్టి అర్జీ మూసేశారు. బెన్నీ నీకు క్షమాపణలు చెప్పమన్నాడు. ఈసారి ఆళ్ళగడ్డ వస్తే నీ కాళ్ళకు దండం పెడతాడట. పెట్టనివ్వు, పిల్లవాడు మంచోడు.

నిన్న సాయంత్రం సులోచనత్త ఇంటికి పోయాను. ఇల్లు బాగుంది, గాలి వెలుతురు ఉంది. విశ్వేశ్వరయ్య మామ అప్పుడే వీధి చివరి కిరాణా కొట్టు ముందు నిలబడి, పప్పు ఇలాగా తూచేది అని వాళ్ళకు పాఠం చెబుతున్నాడు. బండను వాకిట్లో గోడకు ఆనించి వేశారు. సులోచనత్త దాని మీద ఒక చివర సర్దుకుని కూచుని ఉంది. అంత బండ ఖాళీగా ఉందే అని, కబుర్లు చెబుదామని, నేను పోయి పక్కన కూచోబోయాను.

"ఆడ వద్దు పాపా" అంది. "అది రూతు సగం. పోలీసోళ్ళు రాసిచ్చినారు."

నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. జాహ్నవి వదినను కూడా కూచోనివ్వదట. పక్కింటివాళ్ళు పలకరించడానికి వస్తే లోపలి నుంచి కుర్చీ తెప్పిస్తుందట. నేను మెట్టు మీద కూచుని కాఫీ తాగాను. ఓళిగ కూడా పెట్టింది. వచ్చేటప్పుడు, "రూతు ఎప్పుడొస్తాదంట?" అని అడిగింది. ఆదివారం అని చెప్పేశాను.

కాబట్టి ఆరాధన అయిపోగానే బస్సెక్కు. బస్టాండుకు నేనొస్తాను.

నీ
వందన